గొర్లు ఆపిన పెనాల్టీ

రెఫరీ విజిల్ ఊదుకుంటూ ఉరికొచ్చి పెనాల్టీ చుక్క వైపు చెయ్యి చాపాడు. అంతదాకా చెవులు దద్దరిల్లేలా అరుస్తున్న పాలమూరు జనం ఉన్నట్టుండి చప్పబడిపోయారు.

పాలమూరు జట్టు ఒక గోల్ ముందుంది. ఆట అయిపోవడానికి పావుగంట కూడా లేదు. ఆ కాస్తా గట్టెక్కితే లీగ్ పట్టికలో రెండో స్థానం వాళ్లదే. రెండో స్థానం వస్తే సెమీఫైనల్ ఇదే గ్రౌండ్‌లో, తమ జనం ముందే. డ్రా అయితే మూడో స్థానానికి జారి, మేళ్లచెరువు పోయి ఆడాలి. ఓడితే నాలుగో స్థానం, మొదటి జట్టు ఊరికి పోయి తన్నులు తిని రావాలి. ఇన్ని లెక్కలు నెత్తి మీదుంటే, కుర్ర డిఫెండర్ ఒకడు గోల్ ముందరే చిట్యాల కెప్టెన్ విజేందర్ కాలికి తన కాలు అడ్డం పెట్టి బోర్లా పడేశాడు.

పాలమూరు కెప్టెన్ రాజేశే, గోల్‌కీపరూ రాజేశే. గొర్రెలు కాసే గుర్వయ్య కొడుకు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. నెల జీతం తీసుకుని బంతి పట్టేవాళ్లలో ఆ ఊళ్లోనే మొదటివాడు. "బంతి పడితే పైసలిస్తరా? ఎవడు బిడ్డా గంత పనిలేనోడు?" అని గుర్వయ్య ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. కొడుకు ఆడిన ఆట ఒక్కటి కూడా ఆయన చూడలేదు. మందను వదిలి ఎట్లా వస్తాడు? కానీ ఈసారి మాటిచ్చాడు. సెమీఫైనల్ పాలమూరులో పడితే ఆ ఒక్కరోజు మందను బావమరిదికి అప్పజెప్పి, తలపాగా చుట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంటానని.

విజేందర్ బంతిని చుక్క మీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నవ్వాడు.

"ఏ దిక్కు దుంకుతవో ముందుగాల చెప్పు కెప్టెన్ సాబ్. నేను ఇంకో దిక్కు కొడ్త."

"నువ్వు మొదలు బంతి సక్కగ పెట్టు తమ్మి. నీ కాలు వణుకుతాంది," అన్నాడు రాజేశ్, గ్లోవ్స్ బిగించుకుంటూ.

సరిగ్గా అప్పుడు గంట వినబడింది.

మెడకు కట్టే కంచు గంట. లయ తప్పకుండా, తొందర లేకుండా మోగే గంట. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న ఆ చప్పుడు రాజేశ్‌కు తెలియకపోవడమేమిటి! అది మంద ముందు నడిచే ఎర్ర పొట్టేలు మెడలోది. రాజేశ్ తల తిప్పి చూసేసరికి కార్నర్ జెండాను కొమ్ముతో పక్కకు నెట్టి ఎర్ర పొట్టేలు గ్రౌండ్‌లోకి అడుగుపెట్టింది. దాని వెనక, కట్ట తెగిన కాలువలాగా, మంద.

"వామ్మో, బాపు!" అన్నాడు రాజేశ్.

ఇది అర్థం కావాలంటే ఆ గ్రౌండ్ సంగతి కొంత చెప్పాలి. బైపాసు పక్కన గుట్ట కింద ఉన్న ఆ జాగా మూడేళ్ల కిందటి దాకా ఒట్టి మొరం. గోల్‌కీపర్ ఒకసారి దూకితే మోచేతి తోలు లేచిపోయేది. ఎన్ని ట్యాంకర్ల నీళ్లు పోసినా గడ్డి పట్టలేదు. అప్పుడు రాజేశే, క్లబ్ నడిపే వెంకటేశ్‌తో, "అన్నా, మా మంద పెట్టిద్దాం" అన్నాడు. చేనుకు బలం కావాలనుకున్న రైతు గొర్రెల మందను పిలిపించి రాత్రంతా చేనులో పండబెట్టించుకుంటాడు. పెంటికలు, ఉచ్చ నేలలోకి దిగి ఆ ఏడు పంట ఏపుగా వస్తుంది. కాపరికి గింజలో పైసలో ముడతాయి. ఊళ్లో అందరికీ తెలిసిన పనే. కాకపోతే ఫుట్‌బాల్ గ్రౌండ్‌కు మంద పెట్టించిన మొనగాళ్లు మాత్రం వీళ్లే. రెండేళ్లు వరసగా పెట్టేసరికి మొరం మీద గడ్డి పచ్చగా దుప్పటి పరిచినట్టు లేచింది. చూసిన వాళ్లంతా ఏ విదేశీ విత్తనమో అనుకున్నారు.

ఈసారి తొందరపడింది వెంకటేశ్. ట్రాక్టర్ సామాన్ల దుకాణం నడిపే మనిషి, ఏదైనా ముందే బుక్ చేసి పెట్టుకునే అలవాటు. సెమీఫైనల్ మనకే వస్తుందని తనే ఖాయం చేసుకుని, అప్పటికి గడ్డి నిగనిగలాడాలని, ఆఖరి లీగ్ మ్యాచ్ రోజు సాయంత్రానికే గుర్వయ్యతో మంద మాట్లాడేశాడు. "ఐదున్నర కల్లా గ్రౌండ్ ఖాళీ అయితది, తోలుకొచ్చెయ్ మామా" అన్నాడు. తీరా ఆరోజు చిట్యాల జట్టు బస్సు హైవే మీద జామ్‌లో ఇరుక్కుంది. ఆట గంట ఆలస్యంగా మొదలైంది. ఆ సంగతి గుర్వయ్యకు రాజేశ్ చెప్తాడని వెంకటేశ్ అనుకున్నాడు. వెంకటేశ్ చెప్తాడని రాజేశ్ అనుకున్నాడు. గుర్వయ్య మాత్రం ఇచ్చిన మాట ప్రకారం ఐదున్నరకు వచ్చేశాడు.

ఆయనకు దూరం నుంచే జనం కనబడ్డారు. అదిలించాడు, ఈల వేశాడు, కట్టె అడ్డం పెట్టాడు. లాభం లేకపోయింది. కడుపునిండా మేసిన గొర్రెలకు రెండేళ్లుగా పండుకున్న జాగా కనబడింది. ఇంక వాటిని ఆపేదెవరు? వందల గొర్రెలు గోల్ ముందున్న ఆ పచ్చటి మెత్తటి చోటునే వెతుక్కుని వచ్చి, విజేందర్ చుట్టూ, రెఫరీ చుట్టూ, బంతి చుట్టూ నింపాదిగా కాళ్లు ముడుచుకుని పండుకున్నాయి. ఒక గొర్రెపిల్ల బంతిని వాసన చూసి, దానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.

"ఎల్లగొట్టండిర వీట్ని!" అని ఎవరో కట్టె పట్టుకుని దిగారు.

"కట్టె ఎత్తితే మర్యాద దక్కదు!" గుర్వయ్య గ్రౌండ్ మధ్యలోకి ఉరికొచ్చి అరిచాడు. "సూడి గొర్లున్నయ్! బెదిరి ఉరికితే కడుపులు పోతయ్. జర ఆగుండ్రి, నేనే లేపుత!"

ఆయన ఒక్కొక్కదాన్ని వీపు తట్టి, పేరు పెట్టి పిలిచి, బతిమాలి లేపాడు. ఇటు లేపితే అటు పండుకున్నాయి. రాజేశ్ గ్లోవ్స్ తోనే రెండు పిల్లల్ని చంకనెత్తుకుని బయటికి నడిచాడు. చూసేవాళ్లకు నవ్వు ఆగలేదు. ఫోన్లు అన్నీ పైకి లేచాయి. చివరి గొర్రె గేటు దాటేసరికి గుట్ట వెనక పొద్దు గుంకింది. గ్రౌండ్‌కు దీపాలు లేవు. రెఫరీ ఆకాశం వైపు చూసి, వాచీ చూసి, రెండు చేతులూ అడ్డంగా ఊపేశాడు. ఆట ఆగిపోయింది.

విజేందర్ చెప్పులో తేలు దూరినట్టు ఎగిరాడు. "ఓడిపోతమని గొర్లను తోలిండ్రు! కెప్టెన్ వాళ్ల బాపు మంద! నా పెనాల్టీని గొర్లతోని ఆపిచ్చిండ్రు! ఎక్కడన్న ఉందా గిది?"

గొడుగు కింద కుర్చీ వేసుకుని అంతా చూస్తున్న గ్రేస్ మేడం మాత్రం కదలలేదు. ఆమె మేళ్లచెరువు జట్టు మేనేజర్. వాళ్ల ఆటలు ఎప్పుడో అయిపోయాయి. అయినా ఈ మ్యాచ్‌లో పాలమూరు గెలవకపోతే రెండో స్థానం, సొంత గ్రౌండ్‌లో సెమీఫైనల్ వాళ్లవి. అందుకే అంత దూరం నుంచి వచ్చి కూర్చుంది. లేచి గొడుగు మడిచి, "నా సర్వీసుల బురద జూసిన, వాన జూసిన, కొట్లాటలు జూసిన. గొర్లు డిఫెన్స్ చేసుడు మాత్రం గిదే మొదలు," అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున రాజేశ్ ఇంటి ముందు వెంకటేశ్ బండి ఆగింది. మనిషి మొహం వెలిగిపోతోంది.

"తమ్మి, మనం బతికిపోయినం! రాత్రి రూల్సు సదివిన. మూడు వంతుల ఆట అయినంక ఆగిపోతే అప్పటి స్కోరే ఖాయమట. అంటే ఒకటి సున్నా. మనమే గెలిచినం! రెండో స్థానం!"

రాజేశ్ ఎగిరి గంతేయబోయాడు. సెమీఫైనల్ ఇక్కడే! ముందు వరసలో తలపాగా! కానీ వెంకటేశ్ గొంతు తగ్గించాడు.

"ఒక్కటే తిరకాసు. ఆట ఆగిపోనీకి మనమే కారణమని తేలితే మూడు గోల్స్ తోని ఓడినట్టు రాస్తరు. నాలుగో స్థానానికి పోతం. ఎల్లుండి కమిటీ పిలిచింది. మనం చెప్పాల్సింది గింతే. మంద తొవ్వ తప్పి వచ్చింది, మాకేం ఎరుక లేదు. నువ్వూ గదే చెప్పాలె."

వాకిట్లో గొర్రెపిల్లకు పాలు తాగిస్తున్న గుర్వయ్య తలెత్తాడు.

"ఏమన్నవ్ సేటూ? నా మంద తొవ్వ తప్పిందా?"

"మాట వరసకు మామా."

"మాట వరసకు గూడ అనొద్దు. ముప్పై ఏండ్ల సంది కిష్ణ ఒడ్డు దాక తోలుకపోయి తోలుకొస్తున్న. ఒక్క గొర్రె ఒక్క చేన్ల పడలే. గుర్వయ్య మంద తొవ్వ తప్పి మంది జాగల పడ్డదని కాయిదం మీద రాస్తే, రేపు ఏ రైతు నన్ను పిలుస్తడు? నువ్వు రమ్మన్నవు, నేనొచ్చిన."

లోపలి నుంచి రాజేశ్ తల్లి అండాలు చాయ్ గ్లాసులతో వచ్చింది. "ఇన్‌స్టాల వీళ్లిద్దర్నే చూపిస్తుండ్రు వెంకటేశూ. నా కొడుకు గొర్రెపిల్లలను ఎత్తుకున్న ఫోటో కింద ఎవడో రాసిండట, గీ కీపర్ ఏది వచ్చినా పడ్తడు అని."

గుర్వయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"ఇంకొక ముచ్చట సేటూ. నిన్న మంద సగంలనే లేసింది. నీ జాగకు రాత్రి మిగిలుంది. వానొచ్చి మంద లేసినా, దొంగలొచ్చి లేసినా, లేసిన కాన్నుంచి మిగిలిన రాత్రి మల్ల తెచ్చి పెడ్తం. మొత్తం పెట్టినమని గింజలు అడగం. అసలే పెట్టలేదని రైతు ఎగ్గొట్టడు. మా తాత కాలం కాన్నుంచి గదే తీరు. ఎప్పుడు తోలుకు రావాలెనో చెప్పు."

"మామా, నీకు దండం బెడ్త! సెమీస్ అయ్యేదాక మంద పేరు ఎత్తకు!" వెంకటేశ్ చాయ్ కూడా తాగకుండా బండెక్కాడు.

రాజేశ్ మాత్రం గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. బాపు మాట చెవిలో తిరుగుతోంది. లేసిన కాన్నుంచి మిగిలింది మల్ల పెడ్తం.

లీగ్ కమిటీ ఒక ఫంక్షన్ హాలు మీది గదిలో కూర్చుంది. అధ్యక్షుడు భిక్షపతి సార్ రిటైరైన వ్యాయామ టీచర్. మెడలో విజిల్ ఇప్పటికీ ఉంటుంది. ఒక పక్క వెంకటేశ్, రాజేశ్. ఎదురుగా విజేందర్. మధ్యలో గ్రేస్ మేడం.

"సార్, స్కోరు ఉన్నది ఉన్నట్టు ఖాయం చేయాలె. రూల్ గదే," అన్నాడు వెంకటేశ్.

"నా పెనాల్టీ ఏమైతది?" విజేందర్ బల్ల గుద్దాడు. "బంతి చుక్క మీదున్నది సార్! గొర్రెపిల్ల దాని పక్కనే పండుకున్నది, వీడియో ఉంది! వాళ్ల మంద, వాళ్ల గ్రౌండు. మూడు సున్నా మాకే రావాలె. మూడో స్థానం మాదే."

"జర నన్ను గూడ మాట్లాడనియ్యండి," అంది గ్రేస్ మేడం. "మీరిద్దరు కొట్లాడుతుండ్రు గాని నష్టపోయేది మేము. పాలమూరుకు గెలుపు ఇస్తే మా జాగా పోతది. ఆడకుండనే పోతది. మా పిల్లలు ఆరు నెలలు ఆడి తెచ్చుకున్న జాగా సార్ అది. మీ గొర్లు మా సెమీఫైనల్ మేసినయి."

"మరి మల్ల మొదటి నుంచి ఆడిపిస్తే?" భిక్షపతి సార్ అడిగాడు.

"మేం కొట్టిన గోల్ ఎటు పోతది సార్?" వెంకటేశ్ లేచాడు. ఒకరి మాట ఒకరికి వినబడకుండా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. సార్ విజిల్ ఊదాడు. ఊదగానే అందరూ బడి పిల్లల్లా కూర్చున్నారు.

"రాజేశ్, నువ్వు కెప్టెన్‌వి. మంద ఎట్లొచ్చింది?"

బల్ల కింద వెంకటేశ్ కాలు రాజేశ్ కాలిని తొక్కింది. ఒక్క మాట చాలు. తొవ్వ తప్పింది సార్ అంటే చాలు. సెమీఫైనల్ ఇంటి ముందుకే వస్తుంది. బాపు ముందు వరసలో కూర్చుంటాడు. కూర్చుని ఏం చూస్తాడు? తన మంద తొవ్వ తప్పిందని చెప్పిన కొడుకును చూస్తాడు.

"మంద తొవ్వ తప్పలేదు సార్. మేమే రమ్మన్నం," అన్నాడు. "ఆట గంట లేటైందని మా బాపుకు చెప్పాల్సింది. నేనూ చెప్పలే, అన్నా చెప్పలే. తప్పు మాదే. కని కావాలని చేసింది కాదు."

వెంకటేశ్ కళ్లు మూసుకున్నాడు. ఇంత సులువుగా ఒప్పుకుంటారని విజేందర్ అనుకోలేదు.

"అయితే మూడు సున్నా రాయమంటవా?" అన్నాడు సార్.

"సార్, ఒక్క మాట. మాది గొర్లు కాసే ఇల్లు. మంద పెట్టిన రాత్రి మధ్యల లేసిందనుకో, మా బాపు మొత్తం కూలి అడగడు. రైతు గూడ మొత్తం ఎగ్గొట్టడు. లేసిన కాన్నుంచి మిగిలిన రాత్రి మల్ల పెడ్తరు. గంతే. మాకు గెలుపు ఇయ్యొద్దు, చిట్యాలకు ఇయ్యొద్దు. ఆట యాడ లేసిందో ఆన్నుంచే పెట్టుండ్రి. అదే స్కోరు, అదే పదకొండు మంది, మిగిలిన టైమే. మొదలు విజేందర్ పెనాల్టీ కొడ్తడు. నేను పడ్త."

గ్రేస్ మేడం మెల్లగా నవ్వింది. "నాకు సమ్మతమే. ఆడి గెలిస్తే తీస్కపోనియ్యి."

"నాకూ సమ్మతమే," అన్నాడు విజేందర్. "కని ఒక్క షరతు. గ్రౌండ్ చుట్టుపక్కల గొర్రె కనబడొద్దు. ఒక్క గొర్రె అరిచినా మ్యాచ్ మాదే. మావోడొకడు మంద కాడ కాపలా ఉంటడు."

"మాదొకడు గూడ," అంది గ్రేస్ మేడం.

మెట్లు దిగుతూ వెంకటేశ్, "ముందే బుక్ చేసే అలవాటు మానుకోవాలె తమ్మి," అన్నాడు. ఒక అడుగు ఆగి, "టిక్కెట్లు మాత్రం ఇయ్యాల్నే కొట్టిపిస్త," అన్నాడు.

పావుగంట ఆట కోసం ఆ ఆదివారం పాలమూరు ఎట్లా కదిలిందో చూసినవాళ్లకే తెలుసు. మామూలు మ్యాచ్‌కు సగం కూడా నిండని గ్రౌండ్‌లో నిలబడే జాగా లేదు. గుట్ట రాళ్ల మీద పిట్టల్లా జనం. బఠాణీల బండ్లు, ఐస్‌క్రీం డబ్బాలు. ఒకడైతే గొర్రె బొమ్మ వేసిన టీషర్టులు అమ్ముతున్నాడు. చిట్యాల నుంచి రెండు బస్సులొచ్చాయి, ఈసారి పొద్దున్నే బయల్దేరి. వీటన్నిటికంటే వింత, మేళ్లచెరువు నుంచి డప్పులతో ఒక డీసీఎం నిండా జనం దిగారు.

"మీ ఆట కాదు గదరా! మీరెందుకొచ్చిండ్రు?" అని గేటు దగ్గర పాలమూరు వాళ్లు అడిగారు.

"మా సెమీఫైనల్ మీ కాళ్ల మీదుంది అన్నా! ఇయ్యాల మాది చిట్యాలే!"

అంత జనంలో లేనిది గుర్వయ్య ఒక్కడే. ఇంత గొడవయ్యాక మందను ఇంకొకరికి అప్పజెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. ఊరంతా ఆట చూస్తుంటే, ఆయన బైపాసు అవతల, చెరువు దాటి, పీకేసిన వేరుశనగ చేనులో మందను పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు ఇరుపక్కలా చిట్యాల వాడొకడు, మేళ్లచెరువు వాడొకడు, చెవుల్లో ఫోన్లు పెట్టుకుని కాపలా.

రెఫరీ బంతిని పెనాల్టీ చుక్క మీద పెట్టాడు. ఆటగాళ్లంతా ఆరోజు ఎక్కడున్నారో అక్కడే నిలబడ్డారు. కుర్ర డిఫెండర్ మొహం వారం రోజులుగా నిద్రలేనట్టుంది. రాజేశ్ గోల్ గీత మీద నిలబడి చేతులు చాపాడు. విజేందర్ ఈసారి నవ్వలేదు, మాట్లాడలేదు. బంతి వైపు నాలుగు అంగలు పరిగెత్తాడు.

రాజేశ్ అతని కాలు చూడలేదు. నడుం చూశాడు. మంద అంచున గొర్రె ఏ పక్కకు తప్పించుకోబోతుందో చిన్నప్పటి నుంచీ నడుం చూసే పసిగట్టాడు. కాలు అబద్ధం చెప్తుంది, నడుం చెప్పదు. విజేందర్ నడుం రాజేశ్ ఎడమ వైపుకు వంగింది. రాజేశ్ అటే దూకాడు. గాల్లో ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత అరచేతికి బంతి ఫట్టున తగిలింది. గోల్ కమ్మీకి కొట్టుకుని బయటికి పోయింది.

గ్రౌండ్ పేలిపోయింది! గుట్ట మీది జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. వెంకటేశ్ ఎవరో తెలియని పోలీసాయన్ను కావలించుకున్నాడు. కుర్ర డిఫెండర్ వచ్చి రాజేశ్ మీద పడి ఏడ్చేశాడు. "లెయ్ రా! ఇంక ఆటుంది!" రాజేశ్ వాణ్ని లేపి నెట్టాడు.

అక్కడి నుంచి ఆట కాదు, ముట్టడి. చిట్యాలకు డ్రా పనికిరాదు, రెండు గోల్స్ కావాలి. పదకొండు మందీ మీద పడ్డారు. రాజేశ్ ఒక బంతి గుద్దేశాడు, ఇంకోటి కాలితో ఆపాడు, మరొకటి ఛాతీకి తగిలి ఊపిరాడకుండా చేసింది. మేళ్లచెరువు డప్పులు ఒక్క క్షణం ఆగలేదు. "ఎంతుంది? ఎంతుంది?" అని వెంకటేశ్ గీత అవతల నుంచి అడుగుతూనే ఉన్నాడు. రెఫరీ వాచీ చూసుకుంటున్నాడు.

ఇంక ఒక్క కార్నర్. ఆఖరిది. బంతి వంపు తిరిగి వచ్చింది. రాజేశ్ ఆటగాళ్ల గుంపులోంచి చెయ్యి ఎత్తాడు. వేళ్లకు వెంట్రుకవాసి పైనుంచి పోయింది. అక్కడ విజేందర్ లేచాడు. తలతో కొట్టాడు. వల ఊగింది.

ఒకటి ఒకటి. వెంటనే ఆఖరి విజిల్.

రాజేశ్ గడ్డి మీద వెల్లకిలా పడిపోయాడు. పాలమూరు జనం చేతులు నెత్తిన పెట్టుకున్నారు. చిట్యాల వాళ్లు అరవబోయి మధ్యలోనే ఆగిపోయారు. డ్రా అయితే వాళ్లు నాలుగో స్థానంలోనే ఉంటారు కదా! కానీ గ్రౌండ్ మొత్తంలో వెర్రెత్తినట్టు ఎగురుతున్నది ఒక్క మేళ్లచెరువు జనం. వాళ్లు దూసుకొచ్చి విజేందర్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"నన్ను దించుండ్రిరా! నేను మీవోణ్ని గాదు!" విజేందర్ పైనుంచి అరిచాడు. "గోల్ నేను గొట్టుడేంది, పండుగ వీళ్లు చేసుడేంది!"

ఆ మాటకు రాజేశ్‌కు పడుకున్నచోటే నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. విజేందర్ ఎట్లాగో దిగి వచ్చి చెయ్యి అందించి లేపాడు.

"ఎట్ల పట్టినవ్ అన్నా నా పెనాల్టీ?"

"మా గొర్లు చెప్పినయి తమ్మి."

గ్రేస్ మేడం గొడుగు ఊపుకుంటూ వచ్చింది. "నోరు మూసుకుంటే సెమీఫైనల్ నీ ఇంటి ముంగటుండేది గద రాజేశ్."

"మూసుకుంటే మా బాపు ఇంట్లకు రానియ్యకపోతుండె మేడం. మీ గ్రౌండ్ మీద కలుద్దాం. మంచిగ తయారుండుండ్రి."

జెర్సీ విప్పకుండానే, మ్యాచ్ బంతి చంకలో పెట్టుకుని, రాజేశ్ బైపాసు దాటి చెరువు వైపు నడిచాడు. కాళ్లు పీకుతున్నాయి గానీ ఒళ్లంతా ఇంకా ఆ కేకల్లోనే ఊగుతోంది. ఎండ ఇంకా ఉంది. చేనులో మంద తలలు దించి మేస్తోంది. కాపలా ఉన్న ఇద్దరిలో మేళ్లచెరువు వాడు ఎగురుతున్నాడు, చిట్యాల వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. గుర్వయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఎవలు గెలిచిండ్రు బిడ్డా? వీడు ఎగురుతుండు, వాడు ఏడుస్తుండు, నాకేం సమజైతలేదు."

"ఎవలూ గెల్వలె బాపూ. మిగిలింది ఆడినం. డ్రా అయింది."

"మరి మనకాడ ఆట?"

"లేదు," అన్నాడు రాజేశ్. అంతదాకా లేని బరువు ఆ ఒక్క మాటలోకి వచ్చింది. "శివరాత్రి దాటినంక మేళ్లచెరువుల. నువ్వు చూడనీకి కాదు ఇంక."

"మేళ్లచెరువా?" గుర్వయ్య కట్టె మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "కిష్ణ ఒడ్డుదే గద. ఎండలు ముదిరితే మనం మంద తోలుకపోయే తొవ్వే గదరా అది. ఏటా హోలీకి బయల్దేరుతం. ఈసారి జర ముందుగాల్నే లేస్తే సరి. వరి కోసిన మళ్లల్ల మేపుకుంట మేపుకుంట పోయినా శివరాత్రికి ఆడ ఉంటం."

రాజేశ్ బాపు మొహం చూశాడు. ఆయన హాస్యమాడటం లేదు. మనసులో అప్పుడే మజిలీలు లెక్కేసుకుంటున్నాడు.

"ఆ ఊర్ల ఆట జాగకు కంచె ఉందా?" మేళ్లచెరువు వాణ్ని అడిగాడు.

"పెద్ద గోడనే ఉంది పెద్దనాయినా," అన్నాడు వాడు కంగారుగా.

"ఉంటే మంచిదే. మంద బయటుంటది, నేను లోపలుంట." గుర్వయ్య కొడుకు వైపు తిరిగాడు. "అది గాదు గని, ఏదో పట్టినవట గద. వీడు గీ ఫోన్ల ఇని లేసి గంతేసిండు. ఎట్ల పట్టినవ్? చూపియ్యి."

"ఈడనా?"

"ఈడ ఏమైంది? నేను తంత. పట్టు."

రాజేశ్ బంతిని చేను గట్టు మీద పెట్టి, తుమ్మచెట్టుకూ ఎర్ర పొట్టేలుకూ మధ్య గోల్ అనుకుని నిలబడ్డాడు. గుర్వయ్య పంచె ఎగ్గట్టి, చెప్పులు విడిచి, తలపాగా సవరించుకుని ఉరికొచ్చి తన్నాడు. బంతి తుమ్మచెట్టుకు బారెడు అవతల నుంచి పోయి మంద మధ్యలో పడింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. అయినా రాజేశ్ ఎడమ పక్కకు, ఒళ్లంతా చాపి, గాల్లోకి దూకి చేను మట్టిలో పడ్డాడు.

గుర్వయ్య కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. "అబ్బో! గిట్లనా దుంకుడు! గిందుకా పైసలిచ్చేది!" అని, బంతి పోయిన దిక్కు చూసి, "నాది గోలేనా?" అని అడిగాడు.

"కాదు బాపూ, బయటికి పోయింది."

"అయితే మల్ల పెట్టు," అన్నాడు గుర్వయ్య, బంతి కోసం గొర్రెల్లోకి నడుస్తూ.